చూడ్డానికి వచ్చినావిడ

డాక్టర్ కురమోచి ఒంటికాయ శొంఠికొమ్ము. పెళ్ళి చేసుకోలేదు. తోడబుట్టినవాళ్ళు లేరు. తల్లి పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆస్పత్రి వెనక క్వార్టర్సులో ఒక గది, గదిలో ఒక హీటరు, ఒక అన్నం కుక్కరు, అంతే ఆయన సంసారం. జపాన్‌లో అకితా తీరంలోని ఆ చిన్న ఊరికీ, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకీ కాలేయం కోసి కేన్సరు గడ్డ తీయాలంటే ఆయనే దిక్కు. పగలంతా మనుషుల కడుపుల్లో చేతులు పెట్టి బతికే మనిషికి సాయంత్రమైతే పలకరించే దిక్కు లేదు.

ఏటా సిబ్బందికి జరిగే ఆరోగ్య పరీక్షల కాగితంలో 'కుటుంబం' అన్న గడిని ఆయన ఖాళీగా వదిలేసేవాడు. హెడ్ నర్సు మినెగిషి దాన్ని పట్టుకుని ప్రతి ఏడూ ఆటపట్టించేది. డాక్టర్ని అక్కడ గౌరవంగా 'సెన్సే' అంటారు.

"కనీసం మీ అన్నం కుక్కరు పేరైనా రాయండి సెన్సే. రేపు మీకేమన్నా అయితే నేనెవరికి కబురు చెయ్యాలి?"

"నాకేమవుతుంది? నన్ను కొయ్యడానికి ఈ ఊళ్ళో ఇంకో డాక్టరేడీ?" అనేవాడు ఆయన.

ఆ ఆస్పత్రిలో పాతకాలం నుంచీ రెండు ఆనవాయితీలున్నాయి. ఆపరేషన్ అయ్యాక కోసి తీసిన ముక్కని స్టీలు ట్రేలో పెట్టుకుని సర్జనే బయటికొచ్చి రోగి తాలూకు వాళ్ళకి చూపించాలి. ఇదిగో గడ్డ, ఇదిగో చుట్టూ మంచి భాగం అని వేలుపెట్టి చెప్పాలి. వాళ్ళు వంగి నమస్కరిస్తారు, కొందరు ఏడుస్తారు. ఆ తర్వాత సర్జను తన గదిలో కూర్చుని, లోపల చూసిందంతా రంగు పెన్సిళ్ళతో బొమ్మ గీయాలి. గడ్డకి ఎరుపు, రక్తనాళాలకి నీలం. యంత్రాలకి అందనివి కూడా వేలికి తగులుతాయి, అవి బొమ్మలో ఉండాలని పెద్దల మాట.

ఆ జనవరి రోజున కోసింది తొగాషి అనే డెబ్భై ఏళ్ళ జాలరిని. ఆయన కాగితంలోనూ కుటుంబం గడి ఖాళీయే. ఊరి ఆఫీసు నుంచి ఒక గుమాస్తా వచ్చి సంతకం పెట్టి బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.

కురమోచి పరిశోధనలో అది రెండువందలవ ఆపరేషన్. తను కనిపెట్టిన పద్ధతిలో కోస్తే గడ్డ తాలూకు నలుసు కూడా లోపల మిగలదని నిరూపించడానికి ఆయన పదకొండేళ్ళుగా పాటుపడుతున్నాడు. వసంతకాలంలో సెండాయి నగరంలో పెద్ద డాక్టర్ల సభలో దాని మీద వ్యాసం చదవాలి. ఆయన జీవితంలో చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆపరేషన్ ఆరుగంటలు పట్టింది. గడ్డ శుభ్రంగా వచ్చింది. ఇక కుట్లు వేద్దామనుకుంటూ, మిగిలిన కాలేయాన్ని అలవాటుగా వేళ్ళతో తడిమాడు. పెద్ద సిర వెనక, చూపుడు వేలి కొసకి, బియ్యపు గింజంత గట్టిగా ఏదో తగిలింది.

ఆయన చెయ్యి ఆగింది. సహాయంగా ఉన్న కుర్ర డాక్టరు యుసా తలెత్తింది.

"ఏమన్నా తగిలిందా సెన్సే?"

అల్ట్రాసౌండు పెట్టి చూశాడు. తెర మీద ఏమీ కనపడలేదు. సిర వెనక నుంచి దాన్ని తీయబోతే మనిషి బల్ల మీదే పోవచ్చు. తీయకపోయినా, ఉందని రాస్తే చాలు. నెలనెలా స్కానింగు తీసి కనిపెట్టుకుని ఉంటారు, పెరగకముందే దాన్ని మందుతోనో వేడితోనో చంపుతారు. కానీ రాస్తే, నలుసు మిగిలినట్టే. లెక్క నూట తొంభైతొమ్మిది దగ్గరే ఆగిపోతుంది.

"ఏం లేదు. మూసేద్దాం," అన్నాడు.

నాలుగున్నరకే బయట చీకటి పడింది. మంచు కిటికీలకి మెత్తగా తగులుతోంది. కురమోచి తేలుకుట్టిన దొంగలా ఎవరితోనూ మాట్లాడకుండా ముక్కని ట్రేలో సర్దుకుంటున్నాడు. చూపించడానికి ఎవరూ లేరు కాబట్టి నేరుగా, ముక్క కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో వేద్దామనుకున్నాడు. గోడ ఫోను మోగింది.

"సెన్సే, తొగాషి గారి తాలూకు మనిషి వచ్చారు. చూడ్డానికి," అంది ఆడగొంతు. మినెగిషి అనుకున్నాడు.

వెయిటింగు గది నడవ చివర ఉంది. సగం లైట్లు ఆర్పేసి ఉన్నాయి. మూల కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. దూది కోటు, తలకి గుడ్డ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. గది వెచ్చగానే ఉంది, అయినా ఆవిడ భుజాల మీద మంచు కరగలేదు. ఫార్మలిన్ వాసన గుప్పుమంది. ట్రేలోంచే అనుకున్నాడు. తర్వాత గుర్తొచ్చింది... ముక్కని ఇంకా ఫార్మలిన్‌లో వేయనేలేదు.

"మీరు ఆయనకి ఏమవుతారమ్మా?"

"ఏమీ కాను. ఎవరో ఒకరు చూడాలి కదా."

ఆయన చూపించాడు. ఇది గడ్డ. ఇది మంచి భాగం. ఆవిడ బాగా వంగి, ముఖం ట్రేకి ఆనించేటంత దగ్గరగా పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంతేనా నాయనా?"

"ఇంతేనమ్మా."

"సిర వెనకది?"

ఆ గింజ సంగతి ఆయన వేలికి తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

ఆవిడ లేచి వంగి నమస్కరించింది. లేస్తూ లేస్తూ, పడిపోబోయినట్టు ఆయన కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి ఆనించింది. బట్టల మీంచి కూడా ఆ చలి తగిలింది. తర్వాత నడవలోకి వెళ్ళిపోయింది. రబ్బరు బూట్ల చప్పుడు కొంతదూరం వినిపించి... ఆగిపోయింది. నడవ ఆ చివర తలుపు లేదు. గోడే.

పైన ఐసీయూలో మినెగిషి తొగాషి పక్కన నిలబడి సెలైను సరిచేస్తోంది.

"ఆవిణ్ణి ఎవరు రానిచ్చారు?" అని అడిగాడు కురమోచి. "నువ్వే కదా ఫోను చేశావు?"

"నేనా? నాలుగింటి నుంచీ ఈయన దగ్గరే ఉన్నాను. కింద ఎవరున్నారు సెన్సే? మంచుకి బస్సులే ఆపేశారు." ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. "కూర్చోండి. అన్నం తిన్నారా ఇవాళ?"

మంచం మీద తొగాషి పెదాలు కదిలాయి. కురమోచి చెవి దగ్గర పెట్టాడు.

"చూసిందా... ఆవిడ?"

"ఎవరు?"

"నిన్న వచ్చి కూర్చుంది. నీకెవరూ లేరుగా, నేను చూస్తాలే అంది." మత్తులో కాస్త నవ్వాడు. "తన ముక్కని ఎవరూ చూడలేదట, పాపం. నేరుగా సీసాలో వేసేశారట."

కురమోచికి వెంటనే గుర్తొచ్చింది. ముక్కని ఎవరికీ చూపించని ఆపరేషన్ ఒక్కటే ఉంది. పదకొండేళ్ళ కిందటిది. ఆయన పరిశోధనలో మొట్టమొదటిది. అబుకవా ఇనే. కొండ మీద ఒంటరిగా ఉండే ముసలావిడ. ఆ రోజూ వేలికి ఏదో తగిలింది. భ్రమ అనుకున్నాడు. అనుకోవాలనుకున్నాడు. పది నెలలకి ఆవిడ పోయింది. 'కొత్తగా పుట్టిన గడ్డ' అని రాశాడు.

తన గదికి వచ్చి బీరువా తెరిచి ఆ మొదటి ఫైలు తీశాడు. బొమ్మ ఆయన గీసినదే. దాని మీద, సిర పక్కన, ఎర్రటి చుక్క. ఆయన పెట్టలేదు. చుక్క చుట్టూ కాగితం తడిగా ఉంది.

అప్పుడు ఆయన ఏడ్చాడు. భయంతో కాదు. ఇన్నేళ్ళూ ఆవిడ ఆ నడవలో ఒక్కతే కూర్చుని ఉందేమోనని ఏడ్చాడు.

కొత్త కాగితం తీసుకుని తొగాషి కాలేయం గీశాడు. సిర వెనక తనే ఎర్ర చుక్క పెట్టాడు. కింద రాశాడు: 'వేలికి తగిలింది. తెలిసే వదిలేశాను. వచ్చే నెల నుంచి తప్పకుండా స్కానింగు తీయాలి.' ఇనే కాగితం మీదా నిజం రాశాడు. తర్వాత సెండాయిలో చదవాల్సిన వ్యాసం తీసి రెండుగా చింపాడు. అన్నీ అయ్యాక ఒళ్ళు తేలికపడింది. తొగాషి బతుకుతాడు. కనీసం బతికే దారి ఒకటి ఉంది.

కాగితాలు ఫైలులో పెట్టబోయాడు. అడుగున ఇంకొకటి ఉంది.

పూర్తి కాలేయం. ఎక్కడా కోయనిది. గీత ఆయనదే, నీడలు వేసే తీరూ ఆయనదే, కానీ ఆయన గీసింది కాదు. కుడివైపు, పైన, ఒక ఎర్ర చుక్క. పేరు దగ్గర కురమోచి అని ఉంది. కుటుంబం గడి ఖాళీగా ఉంది.

పక్కటెముకల కింద, ఆవిడ చెయ్యి ఆనించిన చోట... ఇంకా చల్లగానే ఉంది. రెండు వేళ్ళతో నొక్కి చూసుకోబోయాడు. ధైర్యం చాలలేదు.

గోడ ఫోను మోగింది. చాలాసేపు మోగనిచ్చి ఎత్తాడు.

"సెన్సే," అంది ఆడగొంతు. "కురమోచి గారి తాలూకు మనిషి వచ్చారు. చూడ్డానికి."

ఆయనకి భయం వేసింది. ఆ భయం అడుగున, పైకి చెప్పుకోలేని ఊరట కూడా కలిగింది.

"కూర్చోమనండి," అన్నాడు.