రోజుకొక పాస్‌వర్డ్

"ఈ కంప్యూటర్‌ని నేను బాగుచెయ్యను," అన్నాడతను, తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని.

"చూడకుండానేనా?"

"చూశాను. పాడైతే కదా బాగుచేసేది? దీనికేమీ కాలేదు. దీంట్లో ఉన్న సిస్టంకి కంపెనీవాళ్లు చేతులెత్తేశారు, అంతే. ఇక అప్‌డేట్లు రావు. వెబ్‌సైట్లు ఒక్కొక్కటే మొహం మీద తలుపేస్తాయి."

"ఒకటి ఇప్పటికే వేసింది. అందుకే పిలిచాను. బాగుచెయ్యనివాళ్లు ఇంత వానలో ఎందుకొచ్చినట్టు, మెకానిక్ గారూ?"

"నేను మెకానిక్‌ని కాదండీ."

"మరి డాక్టరా?"

"డాక్టరైతే ఇంతసేపు నిలబెట్టరు కదా! ఈ గొడుగు ఎక్కడ పెట్టను?"

"ఎక్కడైనా. బట్టలకి దూరంగా."

ఆ గదిలో బట్టలకి దూరంగా జానెడు చోటు కూడా లేదు. నాలుగు గోడలకీ తెల్లకోట్లు వేలాడుతున్నాయి. అన్నీ నర్సులవి. కొన్నింటికి చేతుల్లేవు, కొన్నింటికి కాలర్లు లేవు. అది ఇంటి ముందుగది, అదే కుట్టు షాపు. కిటికీ పక్కన రెండు మిషన్లు. ఒకటి వాడకంలో ఉంది. రెండోదానికి గుడ్డ కప్పి పద్నాలుగు నెలలైంది.

అతను గొడుగు గుమ్మం బయట నిలబెట్టి వచ్చి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు.

"దీంట్లో లినక్స్ అని వేరే సిస్టం ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, కొత్త కంప్యూటరూ అక్కర్లేదు. ముందు పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడండి. లోపలి డిస్కు మీద గీత కూడా పడదు. నచ్చితే అప్పుడు ఇన్‌స్టాల్ చేద్దాం."

"నచ్చకపోతే?"

"పెన్‌డ్రైవ్ పీకేస్తే ఏమీ జరగనట్టే."

"మాటలక్కూడా ఇలాంటిదొకటి ఉంటే బాగుండేది," అందామె, నవ్వకుండానే. ఆ మాట అతనికి జోకులాగే వినిపించింది.

"ఇన్‌స్టాల్ చేస్తే పాతదంతా పోతుందా?"

"పోతుంది. అందుకే ముందు బ్యాకప్ తీస్తాం."

ఇంతలో కోటు కొలత సరిచూసుకోవడానికి ఒక నర్సు వచ్చింది. ఆమె తన మెడలో టేపు సర్దుకుని, నాలుగు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, నర్సుని తెర వెనక్కి తీసుకెళ్లింది. భుజం దగ్గర వదులు. మడతపెట్టి సూది గుచ్చి పంపించేసరికి పది నిమిషాలు పట్టింది.

తిరిగొచ్చేసరికి అతని మొహం వెలిగిపోతోంది.

"రెండో అకౌంట్ కూడా దొరికిందండీ! పెన్‌డ్రైవ్‌లోంచి నడిపితే పాస్‌వర్డ్‌తో పనే లేదు, బయటినుంచి చూస్తుంది కదా. ఒక్క క్లిక్‌తో తెరుచుకుంది. బ్యాకప్‌కి సైజెంతో చూస్తున్నా…"

స్క్రీన్ మీద ఆమె అక్క పేరుతో ఫోల్డరు. తెరిచి ఉంది.

"మూసెయ్యండి."

"సైజొక్కటి చూసి…"

"మూసెయ్యమన్నాను! ఎవరు తెరవమన్నారు మిమ్మల్ని? ఎవరినడిగి తెరిచారు?"

అతను మూసేశాడు. ఏం తప్పు చేశాడో తెలియని మనిషిలా ఆమె వైపు చూశాడు. బయటికి వెళ్లి గొడుగు అందుకున్నాడు. అది విప్పాలన్న సంగతి కూడా తోచనట్టు, చేత్తో పట్టుకునే వానలో వీధి చివరిదాకా నడిచాడు.

"అంత మాట అనాలిటే?" లోపలినుంచి అంది అమ్మ.

"నువ్వు ఊరుకో అమ్మా."

అమ్మ ఊరుకుంది. ఈ పద్నాలుగు నెలల్లో ఇద్దరూ ఊరుకోవడం బాగా నేర్చుకున్నారు.

అక్క కంప్యూటర్‌లో నమూనాలు గీసేది. అవి ప్రింటు తీసి, కాగితాలు అతికించి, గుడ్డ మీద పరిచి కత్తిరిస్తే చెల్లెలు కుట్టేది. గుండీలు అమ్మ. పని మరీ ఎక్కువైతే రెండో మిషన్ మీద అక్క కూర్చునేది. ఒక సాయంత్రం, ఇరవై కోట్లు మిగిలిపోయి నడుం విరిగిపోతుంటే, చెల్లెలు నోరు జారింది. "ఎప్పుడు చూడు ఆ పెట్టె ముందే. ఇక్కడ అరిగిపోయేది నేను. దాంతోనే కాపురం చేసుకో, పో!" అక్క ఏమీ అనలేదు. కంప్యూటర్ ఆపేసి వెళ్లి పడుకుంది. తెల్లారేసరికి జ్వరం. పది రోజుల్లో మనిషే లేదు.

ఆ పది రోజుల్లో పాస్‌వర్డ్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

కంప్యూటర్ తెరవగానే రెండు గుండ్రాలు వచ్చేవి. ఒకదాంట్లో నవ్వుతున్న అక్క ఫోటో, ఇంకోదాంట్లో ఏమీ లేదు. ఆ ఖాళీది చెల్లెలిది. రోజూ పొద్దున ఆమె ముందు అక్క ఫోటో మీద నొక్కి, ఒక్క పాస్‌వర్డ్ కొట్టి చూసేది. అమ్మ పుట్టినరోజు, షాపు ఫోన్ నంబరు, అక్క కొన్న మొదటి కత్తెర పేరు… రోజుకి ఒకటే. తప్పు అని వచ్చేది. కాసేపు అలా కూర్చుని, తన అకౌంట్‌లోకి వెళ్లి పని మొదలుపెట్టేది.

అతను వెళ్లిన మర్నాడు పెన్‌డ్రైవ్‌తోనే నడిపింది. తప్పలేదు. ఆసుపత్రివాళ్ల ఆర్డరు ఫారం శుక్రవారం మూసేస్తారు, పాత సిస్టంలో అది తెరుచుకోదు. ఇందులో తెరుచుకుంది. కానీ పెన్‌డ్రైవ్ మీద నడిచే సిస్టంకి నిన్నటిది గుర్తుండదు. రోజూ అప్పుడే పుట్టినట్టు లేచి, ఏ భాష, ఏ కీబోర్డు, ఏ వైఫై అని మొదటినుంచీ అడిగేది. అక్క ఫోటో లేదు. పాస్‌వర్డ్ కొట్టి చూడటానికి గడి లేదు. ఒక మూల పాత డిస్కు బొమ్మ మాత్రం ఉండేది. దాని మీద నొక్కితే చాలని ఆమెకి తెలుసు.

చెయ్యి వెళ్లలేదు.

మూడో రోజు అమ్మ దారం పళ్లతో కొరుకుతూ అంది, "నిజం చెప్పు. నీకు పాస్‌వర్డ్ కావాలా, అది దొరక్కుండా ఉండటం కావాలా?"

మిషన్ ఆగింది.

"ఎవరినడిగినా పది నిమిషాల్లో తీసిచ్చేవారని ఆ అబ్బాయి మొహం చూస్తేనే తెలిసింది నాకు. నువ్వెవర్నీ అడగలేదు."

"నా గురించి ఏం రాసిపెట్టిందోనని భయం అమ్మా. ఆ రోజు నేనేమన్నానో నీకు తెలీదు."

"తెలుసు. పక్కగదిలోనే ఉన్నాగా." అమ్మ సూది కోటుకి గుచ్చి పక్కన పెట్టింది. "నువ్వు చూడలేవు, నేనూ చూడలేను. దీనికి పరాయివాడే కావాలి. పిలువు."

"తిట్టి పంపించాను కదా."

"నోటితో తిట్టావు. కాళ్లు బాగానే ఉన్నాయిగా, వెళ్లి పిలువు."

పాత కంప్యూటర్లకి కొత్త సిస్టం ఎక్కించే అతని షాపు ఒక మేడమెట్ల కింద ఉంది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు మెట్ల మీద ఆగాలి. మూతలు విప్పిన కంప్యూటర్ల మధ్య కూర్చున్నవాడు ఆమెని చూసి లేచాడు. తల మెట్టుకి కొట్టుకుంది.

"పెన్‌డ్రైవ్ ఇవ్వడానికొచ్చారా?"

"కాదు. తగిలిందా?"

"రోజూ తగిలేదే." తల రుద్దుకుంటూ కళ్లు దించుకున్నాడు. "అడక్కుండా తెరవడం తప్పేనండీ. అది ఎవరిదో నాకు తెలీదు. మీ పక్కింటి ఆయన చెప్పాడు తర్వాత. ఫోల్డర్ పైపైన చూశానంతే, ఏ ఫైలూ తెరవలేదు. మీకు మొహం చూపించలేక మూడు రోజులుగా వేరే వీధిలోంచి తిరిగి వెళ్తున్నాను."

"ఎంత చుట్టు?"

"పావుగంట."

"ఈ వానలోనా?"

"ఈ వానలోనే."

ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమెకే కొత్తగా అనిపించి వెంటనే ఆపేసింది.

"మీరొచ్చి చూడాలి. ఆ ఫోల్డరంతా. నా గురించి చెడ్డగా ఏమైనా ఉంటే నాకు చెప్పొద్దు."

"అలా కుదరదండీ. నేను చెప్పకపోతే ఉందనే కదా అర్థం?"

"మరి?"

"ఉంటే ఉందంటాను. లేకపోతే లేదంటాను. దానికి ఒప్పుకుంటేనే వస్తాను."

ఆమె తన గొడుగు విప్పింది. "రండి," అంది.

అతను కంప్యూటర్ ముందు, ఆమె వీపు అటు తిప్పి మిషన్ ముందు. తెర వెనక అమ్మ. కోటు చెయ్యి ఒకటి కుట్టింది, రెండోది కుట్టింది. కుట్టు వంకర పోయిందని తెలిసినా ఆపలేదు.

"మీ అక్క మిమ్మల్ని ఏమని పిలిచేవారు?"

"ఎందుకు?"

"వెతకాలంటే పేరు కావాలి."

"పిట్ట."

అతను నవ్వలేదు. కీబోర్డు మీద చప్పుడైంది. తర్వాత మౌస్ చప్పుడు, చాలాసేపు. బయట వాన తగ్గి మళ్లీ మొదలైంది.

"ఏమీ లేదండీ," అన్నాడు చివరికి.

"సరిగ్గా చూశారా?"

"నూట అరవై నాలుగు ఫైళ్లు. ఒక్కొక్కటీ తెరిచాను. కోట్లు, చొక్కాలు, ఏప్రన్లు. కొలతలు. ఉత్తరం లేదు, డైరీ లేదు."

"తిట్టలేదా?"

"లేదు."

"పోనీలే అని క్షమించినట్టైనా…"

"అదీ లేదు."

ఆమె మిషన్ ఆపింది. "తిట్టుంటుందని భయపడ్డాను," అంది మెల్లగా. "దానికి సిద్ధంగా ఉన్నాను. అసలేమీ ఉండదని మాత్రం అనుకోలేదు." అప్పుడు ఏడ్చింది. చేతిలోని తెల్లకోటు మొహానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లలా శబ్దం చేస్తూ ఏడ్చింది. తెర అవతల అమ్మ కూడా ఏడుస్తోందని ఇద్దరికీ వినిపిస్తూనే ఉంది.

అతను నీళ్లిచ్చి, మిషన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"మీ అక్క రాసినట్టు ఒక్క లైను టైప్ చేసి చూపిస్తే మీకు తెలిసేది కాదు," అన్నాడు. "చెయ్యాలనిపించింది. వేళ్లు కీబోర్డు దాకా వెళ్లాయి."

"ఎందుకు చెయ్యలేదు?"

"జీవితాంతం చదువుకునేవారు దాన్ని. నేను రాసింది."

ఆమె కోటు దించి అతన్ని చూసింది. ఈ పద్నాలుగు నెలల్లో అందరూ వచ్చి చెప్పినవి ఆమెకి గుర్తున్నాయి. అక్కకి నీమీద కోపం ఉండదు, అక్క పైనుంచి చూస్తుంటుంది, అన్నీ తెలుసు అక్కకి. ఒక్కరికీ ఏమీ తెలీదు. ఇతనొక్కడే చూసి చెప్పాడు.

"మీకెందుకండీ ఇంత అవస్థ?"

"ఏడాదిగా రోజూ మీ గాజు తలుపు ముందునుంచే షాపుకి వెళ్తున్నాను. మీరు ఏదో టైప్ చేసి, అలా కూర్చుండిపోవడం చూసేవాణ్ణి. అక్కడికొచ్చేసరికి నా నడక నెమ్మదయ్యేది." చెవులు ఎర్రబడ్డాయి. "ఫోన్ చేసి కంప్యూటర్ పాడైందన్నప్పుడు, మీ బాధ మీది, నాకు మాత్రం సంతోషమే వేసింది. అందుకే వానలో వచ్చాను. చాలా, ఇంకా చెప్పాలా?"

"చాలు," అంది. మళ్లీ, "ప్రస్తుతానికి," అంది.

నమూనాలన్నీ వేరే డిస్కులోకి ఎక్కించాడు. చేతుల్లేని కోట్లకి చేతులు, కాలర్లు, ఏ సైజుకి ఆ సైజు. చిరిగిపోయిన కాగితాలు అతికించుకుంటూ లాక్కొస్తున్న షాపుకి అక్క పని మొత్తం తిరిగొచ్చింది. పని మాత్రమే వచ్చింది.

"మీ అక్క ఫోటో కొత్తదాంట్లో కూడా పెట్టనా?"

"వద్దు. ప్రింటు తియ్యండి, గోడకి పెడతాను. తాళం మీద వద్దు."

డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని స్క్రీన్ అడిగింది. అతను కుర్చీ ఖాళీ చేశాడు. ఆమె కూర్చుని, తనే నొక్కింది.

గీత నెమ్మదిగా నిండుతోంది. పేరు అడిగితే కొట్టింది. పాస్‌వర్డ్ అడగగానే అతను మర్యాదగా గోడ వైపు తిరిగాడు.

"తిరగక్కర్లేదు. చూడండి."

"పాస్‌వర్డ్ ఎవరికీ చూపించకూడదండీ. అది మొదటి రూలు."

"మా ఇంట్లో ఆ రూలు పనిచెయ్యలేదు. నాకేమైనా అయితే అమ్మ రోజుకొకటి కొట్టుకుంటూ కూర్చోకూడదు."

"అయితే అమ్మగారికే చెప్పండి."

"నేను మర్చిపోతాను బాబూ," తెర అవతలనుంచి అంది అమ్మ, ముక్కు తుడుచుకుంటూ. "నువ్వే చూడు. భోజనానికి కూడా ఉండు."

అతను ఇటు తిరిగాడు. ఆమె ఒక్కొక్క అక్షరం ఆగి ఆగి కొట్టింది. స్క్రీన్ మీద చుక్కలే పడుతున్నాయి. అతను ఆమె వేళ్లనే చూస్తున్నాడు. కింద ఇంకో గడి వచ్చింది.

"మళ్లీ కొట్టమంటోంది," అంది. కీబోర్డు అతని వైపు జరిపింది. "ఈసారి మీరు."

అతను తప్పు లేకుండా కొట్టాడు.