ప్రార్థన అయ్యేదాకా

సాయంత్రానికల్లా వచ్చి చూస్తానన్నాడు కాలేజీ కార్యదర్శి. ఆయనకు మా చెల్లి పెట్టిన పేరు రేపుగారు. ఏది అడిగినా "రేపు చూద్దాం" అంటాడు, ఆ రేపు వచ్చేసరికి మాట మార్చేస్తాడు. గోడలకు లేత పసుపు అన్నాడు, వేశాక తెలుపు అన్నాడు. కాలేజీ తొలి అధ్యక్షుడి కుటుంబాన్ని బొమ్మలుగా చేసి భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టమన్నాడు. నమూనాకు ఒక తల చేసి చూపిస్తే మొహం అటు తిప్పుకుని, "బొమ్మలొద్దులేవయ్యా, ఖాళీ కుర్చీలు చాలు" అన్నాడు. నా ఓపికకు పరీక్ష పెట్టడానికే ఆయన్ని ఆ ఉద్యోగంలో పెట్టారేమో అనిపించేది.

పాత ఇళ్లను ప్రదర్శనశాలలుగా తీర్చిదిద్దడం మా పని. సంస్థ అని గొప్పగా చెప్పుకుంటాం కానీ ఉన్నది ఇద్దరమే. కొలతలూ అంచనాలూ నావి, దీపాలూ తీగలూ చెల్లివి. ఇది మాకు దొరికిన మొదటి పెద్ద పని. చర్చి కాలేజీని స్థాపించిన అధ్యక్షుడు కాపురమున్న ఇంటిని మర్నాడు పొద్దున జనానికి తెరవాలి. రేపుగారు చూసి సరేనంటే తప్ప తెరవరు. ఆయనేమో రాడు.

ఆ అధ్యక్షుడు కాలేజీని గుర్రాల పాకలో మొదలుపెట్టాడట. పొద్దున్నే గంట తనే కొట్టేవాడు, లెక్కలు తనే చెప్పేవాడు, ఆదివారం ప్రసంగమూ తనదే. దూరం నుంచి వచ్చిన విద్యార్థులకు మంచాలు చాలకపోతే సొంత పిల్లల్ని నేల మీద పడుకోబెట్టి, వాళ్ల మంచాలు ఇచ్చేశాడట. గోడ మీది బోర్డు నిండా ఆయన గొప్పలే. భార్యా పిల్లల గురించి రేపుగారు ఇచ్చింది ఒకే వాక్యం: "జ్వరంతో ఒకే రోజున మరణించారు."

భోజనాల గదికి మాకు ఆధారం ఒక పాత ఫొటో. అందులో ద్వారబంధం ఎత్తు పట్టుకుని మిగతావన్నీ లెక్కగట్టాను. బల్ల పొడవు, ఆరు కుర్చీల ఎత్తు, మూలనున్న ఇనప కుంపటి చుట్టుకొలత. కుంపటిలో సుద్దతో చేసి నల్లరంగు పూసిన బొగ్గులు పోశాం. కిటికీ రెక్కలకు నేనే రంగు వేసి బిగించాను. ఈ గదిలో తప్పు పట్టడానికి ఆయనకు ఇంకేం మిగలకూడదన్నంత కసిగా చేశాను.

వాన మొదలైంది. జల్లు లోపలికి కొడుతోందని తలుపు వేశాను.

"అన్నయ్యా, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. పొట్లం విప్పనా?" అంది చెల్లి, బల్లకు పిల్లలు కూర్చునే వైపు కుర్చీలో కూలబడి. పొట్లంలో రొట్టె, ఉడికిన గుడ్లు ఉన్నాయి.

"ఆయన చూసి వెళ్లనీ. బల్లగుడ్డ మీద మరక పడిందంటే గుడ్డ రంగు కూడా మార్చమంటాడు."

"ఆయన వచ్చేలోపు నేనే ఇక్కడ ప్రదర్శన వస్తువునైపోతాను. కింద ఒక చీటీ అంటించు, ఆకలితో పోయిన ఎలక్ట్రీషియన్ అని."

"చీటీ రాతకి కూడా రేపుగారి అనుమతి కావాలే."

అప్పుడే తలుపు తోసుకుని పెద్దావిడ వచ్చింది. ఇంటి వెనక గదుల్లో ఉంటుంది, అధ్యక్షుడి మనవరాలు. గొడుగు దులుపుతూ బల్లనీ కుర్చీలనీ ఒక్కొక్కటే చూసింది. చెల్లి లేవబోతే వారించింది.

"కూర్చో తల్లీ. అది మా అమ్మ కుర్చీ. ఈ బల్ల దగ్గర బతికి బట్టకట్టింది ఆవిడొక్కతే."

"జ్వరం ఆవిడకి రాలేదా బామ్మగారూ?" అన్నాను.

"ఏం జ్వరం నాయనా? కాలేజీ వాళ్లు రాసుకున్న జ్వరం అది." కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. "మా తాత వచ్చి ప్రార్థన చెప్పేదాకా ఎవరూ ముద్ద ముట్టకూడదు, కుర్చీలోంచి లేవకూడదు. ఈ ఇంటి చట్టం అది. ఆయనేమో కాలేజీ వదిలి రాడు. రోజూ ఇంతే. తిండి చల్లారిపోయేది, పిల్లలు కునికిపాట్లు పడేవాళ్లు. ఒకనాడు చలిగా ఉందని తలుపులన్నీ బిగించి కుంపటి పెట్టుకుని కూర్చున్నారు. మా అమ్మ ఆగలేక రొట్టె ముక్క తుంచి నోట్లో వేసుకుంది. వాళ్లమ్మ చూసి, బయటికెళ్లి నిలబడమంది. నిలబడింది."

చెల్లి ఒళ్లోని పొట్లాన్ని బల్ల మీద పెట్టేసింది.

"తాత వచ్చాడు. వరండాలో కూతుర్ని చూసి, తప్పు చేసినట్టున్నావు, నిలబడు అని లోపలికెళ్లాడు. బల్ల చుట్టూ అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఆయనకెంత సంతోషమో. వాళ్లంత భక్తిగా ఎప్పుడూ కూర్చోలేదట మరి. ప్రార్థన మొత్తం చెప్పాడు. ఆమెన్ అన్నాడు. భోంచేశాడు కూడా. కుంపటి పొగకి వాళ్లు అప్పటికే పోయారని చూసుకోనే లేదు. అమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది." పెద్దావిడ గొడుగు తీసుకుంది. "మర్నాడు పొద్దున కాలేజీ గంట మాత్రం వేళకే కొట్టాడట. మహానుభావుడు."

ఆ చివరి మాట ఆవిడ ఉమ్మేసినట్టు అంది. తన గది కిటికీలు తెరిచే ఉన్నాయంటూ వెళ్లిపోయింది. నేను తలుపు మళ్లీ మూసి గడియ పెట్టాను.

కాసేపటికి కరెంటు పోయింది.

చెల్లి చూస్తుందిలే అనుకున్నాను. ఫ్యూజు, మీట, ఏదైనా తన సంగతే కదా. తను కదల్లేదు. వాన మబ్బుకు కిటికీ అద్దాలు బూడిద రంగుకు తిరిగాయి. చూరు నీళ్లు రాళ్ల మీద ఒకే లయలో పడుతున్నాయి. కొత్త రంగు వాసన, తడి చెక్క వాసన. వాటి అడుగున ఇంకో వాసన, సన్నగా... కాలుతున్న బొగ్గుల వాసన.

వెనక్కి తిరిగాను. కుంపటిలో సుద్ద ముద్దలే ఉన్నాయి. చెయ్యి దగ్గర పెట్టాను.

వేడిగా ఉంది.

"చెల్లీ, పద బయటికి."

దగ్గరికెళ్లాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చుంది. భుజం పట్టి కుదిపాను. గుమ్మపాలు తాగిన పసిపిల్లలా మత్తుగా ఊగింది.

"ష్..." అంది. "నాన్నగారు ఇంకా రాలేదు."

మా నాన్నని మేము నాన్నా అంటాం. గారు అని చెల్లి పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనలేదు.

నా తల దిమ్మెక్కుతోంది. తలుపు దగ్గరికి పరిగెత్తాను. గడియ రావడం లేదు. తడికి బిగుసుకుపోయిందో, ఏమో. కిటికీ అంతకంటే గట్టిగా ఉంది. అంత శ్రద్ధగా బిగించింది నేనే. గది పొడవు, వెడల్పు, ఎత్తు నాకు కంఠతా వచ్చు. ఈ గాలి ఆరుగురికి ఎంతసేపు సరిపోతుంది... వద్దన్నా లెక్క దానంతటదే సాగిపోతోంది. ఆరుగురని ఎందుకనుకున్నానో నాకు తెలియదు. ఉన్నది మేమిద్దరమే.

చెల్లి చంకల కింద చేతులు వేసి లేపబోయాను. తనని ఒంటిచేత్తో నిచ్చెన మీంచి దింపినవాణ్ణి. ఇప్పుడు ఇంత కూడా కదలడం లేదు. బరువు కాదు అది. అటు నుంచి ఎవరో పట్టుకున్నట్టు...

వరండాలో అడుగుల చప్పుడు. రేపుగారే అనుకున్నాను.

"సార్," అని అరిచాను. "సార్, తలుపు తొయ్యండి."

బయట ఎవరో గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకున్నారు. నిదానంగా. ఒక కాలు. ఇంకో కాలు. తలుపు తెరుచుకోలేదు. కానీ బల్ల మొదట్లో ఉన్న కుర్చీ నేల మీద గీరుకుంటూ వెనక్కి జరిగింది. ఎవరో కూర్చున్నట్టు చెక్క మూలిగింది.

ప్రార్థన మొదలైంది. మాటలు తెలియడం లేదు. అరిగిపోయిన, అలవాటైన గొంతు. ఎవరు విన్నా వినకపోయినా చెప్పేసే గొంతు. ఒక్కో వాక్యానికీ చెల్లి ఊపిరి ఇంకాస్త సన్నబడుతోంది. పెదవుల రంగు మారుతోంది. దానికి ఊపిరాడటం లేదు, ఆయనకు ఆ సంగతి పట్టదు. భయం కంటే ముందు నాకు కోపం వచ్చింది. కన్నబిడ్డల వంక ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే...

ఆమెన్ అనేలోపు ఏదో ఒకటి చెయ్యాలి.

రొట్టె తుంచిన పిల్ల బతికింది.

పొట్లం చింపాను. చేతికందిన ముక్క చెల్లి నోట్లో కుక్కాను. "నమలవే. నా తల్లివి కదూ, నమలు." దవడ పట్టుకుని నేనే ఆడించాను. ఒకసారి... ఇంకోసారి... గుటక పడింది.

ప్రార్థన వాక్యం మధ్యలో ఆగిపోయింది.

వాన చప్పుడు కూడా ఆగినట్టయింది. చీకట్లో కుర్చీలు కిర్రుమన్నాయి. ఒకటి, దాని పక్కది, ఎదుటివి. కూర్చున్నవాళ్లు మా వైపు తిరుగుతున్నట్టు. నేను కళ్లు మూసుకున్నాను.

నా చెవికి బాగా దగ్గరగా ఒక ఆడగొంతు, కోపమేమీ లేకుండా, అలసటగా అంది:

"బయటికెళ్లి నిలబడు. నాన్నగారు పిలిచేదాకా."

గడియ దానంతటదే ఊడింది. చెల్లి బుద్ధిగా లేచి నడిచింది. చెయ్యి పట్టుకుని వానలోకి లాక్కుపోయాను. సామాను అక్కడే వదిలేశాను. బండి మీద నా వీపుకు ఆనుకున్న దాని ఒళ్లు మంచులా ఉంది, కానీ ఊపిరి తీస్తోంది. నాకు అదే చాలనుకున్నాను.

ఇంటికి చేరాక చెల్లి గుమ్మం దాటలేదు. వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. బతిమాలాను, తిట్టాను, దుప్పటి కప్పాను. కుర్చీ వేస్తే కూర్చోలేదు. లోపలికి రావే అంటే ఒకటే మాట.

"ఇంకా పిలవలేదుగా అన్నయ్యా."

తెల్లారింది. నేను గుమ్మంలోనే కూర్చుని ఉన్నాను. డాక్టరుకు చెయ్యాలని ఫోన్ తీస్తే అదే మోగింది. రేపుగారు. జన్మలో మొదటిసారి ఆయన గొంతులో మెప్పు.

"నిన్న వానలో రాలేకపోయానయ్యా. ఇప్పుడే చూశాను. వద్దన్నా వినకుండా బొమ్మలు పెట్టేశారే. పోనీలే, అద్భుతంగా ఉన్నాయి. ఆ తల్లి, పిల్లలు, అచ్చం ప్రాణం ఉన్నట్టే."

"బొమ్మలేంటి సార్? మేం ఖాళీ కుర్చీలే..."

"కానీ ఒకటి తగ్గించారేం? పిల్లల వైపు ఒక కుర్చీ ఖాళీగా ఉంది. జనం వచ్చేలోపు అదీ తెచ్చి పెట్టండి. ఇదిగో, అధ్యక్షుడు గారు కూడా ఆ ఖాళీ కుర్చీ చూపిస్తూ చెయ్యి చాపారు. దా అమ్మా అని పిలుస్తున్నట్టు. ఆ చెయ్యి అలా పెట్టాలన్న ఆలోచన ఎవరిది?"

నేను వరండా వైపు చూశాను.

చెల్లి వంగి చెప్పులు తొడుక్కుంటోంది.