ఇంజనుకు నూనె మార్చినట్టు

అక్షరాలు ముసలితనంలో నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పినా, కథ నెమ్మదిగా నడిచినా మన్నించండి.

పొద్దున ఏడింటికే వంటింట్లో గొడవ మొదలైంది. క్యాంటీన్‌లో మూడొందల మందికి వండే ఆవిడకు సొంత పొయ్యి దగ్గర నిలబడే చోటు లేకుండా పోయింది. బస్సులు బాగుచేసే కొడుకు, కొలత గ్లాసు కంటి ఎత్తున పట్టుకుని అవిసె నూనె కొలుస్తున్నాడు.

“ఒరేయ్, నా నూనె డబ్బాలేవిరా?”

“పారేశానమ్మా. నీ కోడలి ఒంట్లో కొవ్వు మారితే జబ్బు కణాలు చల్లబడతాయట. ఫోన్లో చదివాను. ఇంజనుకు నూనె మార్చినట్టే.”

“నీ తలకాయ! అది ఇంజనేమిట్రా? ఆరో నెల కడుపుతో ఉన్న పిల్ల!”

కోడలికి లూపస్. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే తిరగబడి కీళ్ల మీద, మూత్రపిండాల మీద పడే జబ్బు. బల్ల దగ్గర కూర్చున్న ఆ పిల్ల చేతిలోంచి చెంచా జారింది. వేళ్లు వాచి ఉన్నాయి.

“మాత్ర వేసుకుంటున్నావా?” అత్త నిలదీసింది.

“మానేసి పది రోజులైంది అత్తయ్యా.”

“నేను మానమన్నానా?” కొడుకు అదిరిపడ్డాడు.

“అనలేదు. మాత్రలు బిడ్డకు మంచివో కాదోనని రోజూ గొణిగారు. అంత కష్టపడి వండుతుంటే, తిండితోనే తగ్గుతుందనుకున్నాను.”

“ఇద్దరికిద్దరూ సరిపోయారు! చెప్పులేసుకోండి, పదండి.”

ఆసుపత్రిలో డాక్టరమ్మ విసుక్కుంది. “చేపల్లో, అవిసె గింజల్లో ఉండే కొవ్వు ఆ కణాల కోపాన్ని కాస్త తగ్గిస్తుందేమోనని ఇంకా పరిశోధిస్తున్నారు. గర్భిణుల సంగతి తేలనేలేదు. ఈ మాత్ర తల్లికీ బిడ్డకీ కూడా రక్షణ. ఎవరు మానమన్నారు?”

వెంటనే పరీక్షలు చేయించింది. బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. మూత్రపరీక్షలో మాత్రం తేడా కనిపించింది. మాత్ర ఈరోజే మొదలుపెట్టి, వారం వారం రమ్మంది.

బయట వరండాలో కొడుకును కడిగేద్దామని నోరు తెరిచిందావిడ. వాడు బెంచీ మీద కూలబడ్డాడు.

“పోయినసారి బిడ్డ పోయినప్పుడు, ఇలా కూర్చోవడం తప్ప నా చేత ఏమీ కాలేదమ్మా. ఈసారైనా ఏదో ఒకటి చెయ్యాలని...”

ఆవిడ తిట్లు మాని వాడి తల మీద చెయ్యి వేసింది. కోడలు మెల్లగా మొగుడి పక్కన కూర్చుంది.

“ఇకమీదట భయమేస్తే నాతో చెప్పండి. దాన్ని నాకు వండిపెట్టకండి.”

వాడు ఏడుస్తూనే నవ్వాడు. అత్త కోడలి అరచేతిలో మాత్ర పెట్టి, నీళ్ల సీసా మూత తీసింది.

“ముందిది మింగు తల్లీ. తర్వాత ఎంతసేపైనా ఏడవండి. నేనూ కూర్చుంటాను.”

— కుట్టుమిషను పెద్దమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు. ఇప్పుడు చిన్నకూతురింటి మేడ మీది గదిలో ఉంటున్నాను.