ఎక్స్‌రేలో వెలగని సిమెంటు

“సార్, ఆమె పంట్ల నేనేం పెట్టిన్నో నాకే తెల్వకుంటైంది!” అంటూ డాక్టర్ అర్షియా కుర్చీలో కూలబడింది.

సకలజనుల సమ్మె రోజులు. బస్సుల్లేవు, కరెంటు ఉంటే ఉన్నట్టు. డిటెక్టివ్ ఓంప్రకాశ్ ఆమెకు మంచినీళ్లిచ్చాడు. ఆయన సహాయకురాలు రమ్య నోటుబుక్కు తెరిచింది.

పది రోజుల కింద అర్షియా యాదలక్ష్మి పన్నుకు రూట్ కెనాల్ చేసింది. వేరుకు పడ్డ చిల్లును పంటి సిమెంటుతో పూడ్చింది. ఇప్పుడు యాదలక్ష్మి గొంతు వాచి దవాఖానలో ఉంది, ఊపిరాడడం లేదు. మందులు పనిచేయడం లేదు. భర్త సారయ్య, తాపీమేస్త్రి, డాక్టరమ్మ విషం పెట్టిందని క్లినిక్ ముందు కూర్చున్నాడు.

“ఆ సిమెంటు గుణమేంది మేడం?” అని అడిగాడు ఓంప్రకాశ్.

“తడి తగిల్తెనే గట్టిపడ్తది. మూత తీసిపెడితే సీసలనే రాయైతది. ఎక్స్‌రేల తెల్లగ మెరుస్తది.”

“నింపినంక ఎక్స్‌రే తీసిన్రా?”

“కరెంటేది సార్?” అంటూ ఆమె ఏడ్చేసింది.

క్లినిక్‌కు వెళ్లి చూస్తే ఆ పంటి సిమెంటు సీసా దాదాపు నిండుగా ఉంది.

“కొత్త సీస తెప్పియ్యమని విజయమ్మ మస్తు తొందరపెట్టింది. బస్సులు బందైనయని ఊకున్న,” అన్నాడు కాంపౌండర్ జావేద్. నర్సు విజయమ్మ తల దించుకుంది. నిండు సీసా ఉండగా కొత్తది దేనికని రమ్య రాసుకుంది. తన సారు అది ఎప్పుడో పట్టేసి ఉంటాడని ఆమెకు తెలుసు.

గంట తిరగకముందే ఓంప్రకాశ్ అందరినీ లోపలికి పిలిచి, కిటికీ వెలుగుకు రెండు ఎక్స్‌రేలు పట్టాడు. “ఇది పాత పేషెంటుది, వెండి తీగ తీరు మెరుస్తుంది. ఇది నిన్న దవాఖానల తీసిన యాదలక్ష్మిది, మసకగుంది. సారయ్యా, సీసలది జర చూడు.”

సారయ్య పొడిని వేళ్లతో నలిపాడు. అతని ముఖం పాలిపోయింది. “గిది ఇండ్లు కట్టే సిమెంటు. ఇసుక గూడ తగుల్తుంది.”

“ఈ గల్లీల విప్పిన సిమెంటు సంచి ఎదురుంగ కడ్తున్న అమరుల స్తూపం కాడ తప్ప యాడలేదు. నిండు సీస ఉండంగ కొత్తది ఎందుకడిగినవ్, విజయమ్మా?”

అర్షియా అప్పటికే దవాఖానకు ఫోన్ చేసి, ఆ పన్ను పీకెయ్యమని ప్రాధేయపడుతోంది.

విజయమ్మ అందరి ముందు ఒప్పుకుంది. “స్తూపం మీద, ఉద్యమంల పాణమిచ్చిన మా తమ్ముని పేరు చెక్కుతున్నరంటె ఉరికిన. మూత పెట్టుడు మర్సిన. వాన తడికి పొడి రాయైంది. తెల్లారి యాదలక్ష్మి నొప్పికి గోడకు తల కొట్టుకుంటుంది. డాక్టరమ్మకు చెప్పనీకె భయమైంది. స్తూపం కాడి సిమెంటు తెచ్చి సీసల నింపిన. రంగొక్కటే, సిమెంటు సిమెంటే అనుకున్న...”

అరగంట యుగంలా గడిచాక ఫోన్ మోగింది. పన్ను తీశారు, చీము వెళ్లింది, యాదలక్ష్మికి ఊపిరి అందుతోంది. సారయ్య వెక్కివెక్కి ఏడ్చాడు.

గుమ్మం దగ్గర ఆగి విజయమ్మ వైపు చూశాడు. “ఆ సంచి విప్పింది నేనే. నీ తమ్ముని పేరు ఆ సిమెంటుతోనే నిలబెట్టిన. దాంతోనే నువ్వు నా పెండ్లాన్ని మంచాన పండబెట్టినవ్.”

సారయ్య దవాఖాన దారి పట్టాడు. రమ్య నోటుబుక్కు మూసింది.