మరుగుదుప్పటి

ఆ వేసవిలో రిజర్వాయర్ కాలనీలో ప్రతి ఇంట్లోనూ కిటికీలు మూసుకొని కూర వండుకునేవారు. గంగవాయిలి ఆకు ఉడికిన పుల్లటి వాసన గోడ దాటితే పరువు పోతుందని వాళ్ల భయం. ఇరవై ఒకటో శతాబ్దం ముగింపుకొచ్చేసరికి వేసవి అంటే ఫిబ్రవరి నుంచి జూలై దాకా అయింది. పొలాల్లో ఏదీ పండేది కాదు. ప్రభుత్వం పంపే పిండిపలకలు నెలలో సగం రోజులకే సరిపోయేవి. మిగతా సగం రోజులు ఎట్లా గడుస్తున్నాయని కాలనీలో ఎవరూ ఎవరినీ అడిగేవారు కాదు.

బతికుంటే బలుసాకు తినొచ్చన్నారు పెద్దలు. నలుగురూ చూస్తుండగా తినాలని మాత్రం వాళ్లూ చెప్పలేదు.

నీళ్లు ఇంకిపోయిన రిజర్వాయర్ అడుగుభూమిని అక్కడ శిఖం అంటారు. ఆ తడి ఆరని పగుళ్లలో గంగవాయిలి, పొన్నగంటి, అంచుల్లో బలుసు చిగురు వాటంతటవే మొలిచేవి. కోసుకుంటే చాలు. కాని కాలనీలో ఉండేది ఇంజనీర్లు, డాక్టర్లు, ప్రొఫెసర్లు. వాళ్లు ఒడి కట్టుకొని కలుపుమొక్కలు ఏరుకోవడమేమిటి?

ఆ చిక్కు తీర్చింది డాక్టర్ సువర్చల కనిపెట్టిన మరుగుదుప్పటి. నిజానికి ఆమె పరిశోధనశాల దాన్ని ఎండలో పనిచేసే కూలీలకు చల్లదనం కోసం తయారుచేసింది. తర్వాత ఆమె ఆ నేతలో ఆప్టికల్ ఫైబర్ దారాలు కలిపింది. దుప్పటి వెనక ఉన్న దృశ్యాన్ని ఆ దారాలు ముందువైపుకు చేరవేస్తాయి. చూసేవాడికి మనిషి బదులు మనిషి వెనకున్న తుమ్మచెట్టు కనిపిస్తుంది. ఈ దృశ్యబదిలీ దేనికని డైరెక్టర్ కృపాకర్ అడిగితే పక్షులను గమనించేవారి కోసమని చెప్పింది. ఆయన తల ఊపి తనకు రెండు కావాలన్నాడు.

ఆ తర్వాత శిఖంలో మనుషులు కనిపించడం మానేశారు. పచ్చటి తుంపులు వాటంతటవే తెగి గాలిలోకి లేచి మాయమయ్యేవి. కనిపించని ఇద్దరు ఒకరికొకరు తగలకుండా ఒక మర్యాద కూడా పుట్టింది. ఎవరైనా దగ్గితే, ఈ జాగాలో నేనున్నానని అర్థం. విన్నవాళ్లు మాట్లాడకుండా పక్కకు తప్పుకోవాలి. గొంతు వింటే మనిషి ఎవరో తెలిసిపోతుంది కదా.

ఓదెలు సారు ఎండదెబ్బకు ఆ దుప్పటిలోనే పోయాడు. రిటైరైన లెక్కల మాస్టారు. బ్యాటరీ అయిపోయి దుప్పటి ఆరిపోయాక శవం బయటపడింది. ఆ పొద్దున శిఖంలో ఎవరో చాలాసేపు దగ్గారని తర్వాత కాలనీలో గుసగుసలు వినిపించాయి. అందరూ మర్యాదగా తప్పుకున్నారట.

సువర్చల ఆ వారమంతా నిద్రపోలేదు. దుప్పట్లన్నిటినీ నడిపే తోడు అనే యంత్రంలో ఒక కొత్త ఆజ్ఞ చేర్చింది. ఆమె 'విప్పు' అంటే శిఖంలో ఉన్న ప్రతి దుప్పటీ ఒక్కసారిగా మరుగు వదిలేయాలి. ఏ ఒక్కరికీ మినహాయింపు ఉండకూడదని తనే గట్టిగా రాసుకుంది. ఆ సంగతి భర్త విశ్వంభర్‌కు కూడా చెప్పలేదు.

చెబితే తనకూ ఒక దుప్పటి ఉందని చెప్పాల్సి వచ్చేది. తను తెచ్చే కూర పరిశోధనశాల తోటలోదని ఆయనకు చెబుతూ వచ్చింది. ఆయన తెచ్చే పొన్నగంటి ఎవరో స్నేహితుడు ఇచ్చాడని చెబితే నమ్మింది. ఇద్దరూ బల్లకు అటూ ఇటూ కూర్చొని బాగుందంటే బాగుందనుకుంటూ తినేవారు.

కొన్నాళ్లకు ఒకరోజు పొద్దెక్కేదాకా ఆమె శిఖంలోనే ఉంది. ఒడి నిండుతుండగా ఎడమవైపు నుంచి దగ్గు వినిపించింది. ఆమె పక్కకు జరిగింది. మళ్లీ దగ్గు. ఇంకా జరిగింది.

చెవిలో తోడు మెల్లగా మాట్లాడింది. "దగ్గే మనిషి కదలడం లేదు. ఊపిరి తీరు మారింది."

"జాగా ఇడువబుద్ధి కాక దగ్గుతున్నరేమో."

"ఆ దుప్పటిలో బ్యాటరీ తక్కువగా ఉంది. చల్లదనం ఆపేసి మరుగు ఒక్కటే నడిపిస్తున్నారు. విప్పమంటారా?"

సువర్చల తన ఒడివైపు చూసుకుంది. చీరకు మట్టి, గోళ్లలో ఆకుపసరు. చుట్టూ ఎంతమంది ఉన్నారో తెలియదు.

"నాదొక్కటి తప్ప విప్పగలవా?"

"కుదరదు. మీరే అలా రాశారు."

"అయితే కొంచెం ఆగు. నేను గట్టు ఎక్కినంక విప్పుదువు."

ఆమె ఒడి పట్టుకొని గట్టువైపు గబగబా నడిచింది. సగం దారిలో ఉండగా వెనక దగ్గు ఆగిపోయింది. ఇంకొక్క నిమిషం నడిస్తే ఎవరికీ కనిపించదు. నడవలేకపోయింది.

"విప్పు" అంది.

శిఖం నిండా జనం. పిడికిట్లో పొన్నగంటితో డైరెక్టర్ కృపాకర్, స్టీలు డబ్బా పట్టుకున్న పక్కింటి డాక్టరమ్మ, మోకాళ్ల మీద బ్యాంకు మేనేజరు, ఇంకా కాలనీలో సగం మంది. ఎవరూ అరవలేదు, నవ్వలేదు. అందరి తలలూ ఒకేసారి వంగిపోయాయి. మధ్యలో తుమ్మచెట్టు కింద, గంగవాయిలి మూట మీద చెయ్యి వేసుకొని విశ్వంభర్ పడి ఉన్నాడు.

డాక్టరమ్మ డబ్బా పడేసి పరుగెత్తింది. ఆమె వల్లే ప్రాణం నిలిచింది.

సాయంత్రం ఆసుపత్రిలో ఉండగా కృపాకర్ ఫోన్ చేశాడు. విశ్వంభర్‌కు ఎట్లుందని అడిగి, కాసేపు నసిగి, "కాలనీ వాళ్లందరు ఒక్కటే మాట అంటున్నరమ్మా. ఆ విప్పుడు ఆజ్ఞ తీసెయ్యాల్నట" అన్నాడు.

"మీరేమంటరు సార్?"

"నేను గూడ కాలనీలనే ఉంటా గద" అని ఫోన్ పెట్టేశాడు.

విశ్వంభర్ కళ్లు తెరిచాడు.

"ఎవరెవరు చూసిన్రు?"

"అందరు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కంటి కొసలు తడిశాయి. "ఓదెలు సారు దగ్గినప్పుడు నేను పక్కనే ఉన్న సువర్చలా. జాగా కోసం దగ్గుతున్నడనుకున్ననని నాకు నేనే చెప్పుకుంటున్న. అది అబద్ధం. నాకప్పుడే తెలిసింది. దుప్పటి తీస్తే నా చేతిల గడ్డి కనబడ్తదని ఎల్లిపోయిన."

ఆమె గోళ్లలోని ఆకుపసరును కొంగుతో తుడుచుకుంది.

"ఇయ్యాల నా పక్కన గూడ ఎవరో ఉండె. అడుగుల చప్పుడిన్న. దగ్గినకొద్దీ దూరం పోయిన్రు." ఆయన ఆమె వైపు తల తిప్పాడు. "నువ్వెక్కడున్నవు అప్పుడు?"

అప్పుడే శిఖంలోకి వచ్చానని చెబితే సరిపోతుంది. గట్టు మీద ఉన్నానని చెప్పినా సరిపోతుంది. ఏది చెప్పినా ఈ మనిషి నమ్ముతాడు, ఇన్నాళ్లూ నమ్మినట్టే. సువర్చల నోరు తెరిచింది.

గది తలుపు దానంతటది తెరుచుకుంది. గుమ్మంలో ఎవరూ లేరు. రోగిని చూడటానికి కాలనీ నుంచి ఎవరో వచ్చారు. శిఖంలో పట్టుబడినవాడి దగ్గర కనిపించడానికి సిగ్గుపడి దుప్పటి కప్పుకొని వచ్చారు. ఆ ఖాళీలోంచి మర్యాదగా ఒక దగ్గు వినిపించింది.

ఆలోచించకుండానే సువర్చల కుర్చీలోంచి లేచి రెండడుగులు పక్కకు జరిగింది.

విశ్వంభర్ ఆ అడుగుల చప్పుడు విన్నాడు. పొద్దున శిఖంలో దూరమైనవీ ఆ అడుగులే.