నొప్పి తెలియని మోకాలు

డాక్టర్ పర్వతాలును చిలకలగూడలో, ఆయన ల్యాబ్‌లోనే, పట్టపగలు సైలెన్సర్ పిస్టల్‌తో కాల్చి చంపారు. ఫ్రిజ్‌లోంచి ఒక స్టీలు డబ్బా మాయమైంది.

"అందులో ఏముంది మేడమ్?" అడిగాడు ఏజెంట్ కల్యాణ్.

"కార్టిలేజ్. ఎముకల మధ్య మెత్తలా ఉంటుందే, అది. మోకాలి ఆపరేషన్లలో తీసిన ముక్కలు," అంది చీఫ్ జగదాంబ. "అరిగిన మోకాళ్లకి విదేశీ కంపెనీ తెచ్చిన కొత్త మాత్రతో వాపు, నొప్పి పోతాయి. కానీ లోపల కార్టిలేజ్ ఇంకా తొందరగా అరిగిపోతోందని డాక్టర్ కనిపెట్టాడు. వచ్చే నెల నుంచి ఆ మాత్ర మన జవాన్లకి ఇవ్వబోతున్నారు. ఆపాలంటే సాక్ష్యంగా ఆ డబ్బా కావాలి, ఆ ముక్కలన్నీ మాత్ర వాడినవాళ్లవే."

కల్యాణ్ చెయ్యి తన మోకాలి మీదికి వెళ్లింది. తనూ ఆ డాక్టర్ పేషెంటే. పొద్దున కూడా అదే మాత్ర వేసుకున్నాడు.

"నొప్పి పోతది కల్యాణ్. మోకాలు సుత పోతది. బంద్ చెయ్," అని మొన్నే బతిమాలాడు పర్వతాలు. మనిషి పోయినా ఆ గొంతు చెవుల్లోంచి పోవడం లేదు.

డబ్బా రైల్లో ఊరు దాటుతోందని కబురు అందింది. సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్‌లో కల్యాణ్ ఎర్రచొక్కా కూలీ వేషంలో ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల ల్యాప్‌టాప్ బ్యాగులను తప్పించుకుంటూ రుఖియా వచ్చింది. సిల్కు చీర, నల్లకళ్లద్దాలు, చేతిలో స్టీలు డబ్బా. కంపెనీకి మెడికల్ రెప్, డబ్బా కొట్టేసిన ముఠాకు కొరియర్ అని ఏజెన్సీ ఫైల్లో ఉంది.

"కూలీ, సామాన్ జెర పైలం."

కల్యాణ్ ఉలిక్కిపడ్డాడు. అది తమ ఏజెన్సీ కోడ్‌వర్డ్. రుఖియా తమ మనిషే!

"విక్టర్ బోగీ తలుపుకాడ్నే ఉన్నడు," గొంతు తగ్గించింది. "డాక్టర్‌ని చంపింది ఆయనే. డబ్బాల ముక్కలు కరగబెట్టనీకి యాసిడ్ సీసా సుత తెచ్చిండు."

అంతలోనే అనుమానం వచ్చిన విక్టర్ కిందికి దూకి, ఆమెను తోసేసి, డబ్బా లాక్కుని మళ్లీ ఎక్కేశాడు. రైలు కదిలింది.

కల్యాణ్ పరుగెత్తాడు. మోకాట్లో ఇసుక నూరినట్టు కరకరమంటోంది. నొప్పి మాత్రం లేదు. పక్కనే తెల్లకోటు కనిపించింది. గుండె మీద రక్తపు మరకతో పర్వతాలు తనతోపాటు పరుగెడుతున్నాడు, ఆయాసం లేకుండా.

"ఆగు కల్యాణ్."

ఆగలేదు. మెట్టు మీదికి ఎగిరి, డబ్బా మీదికి వంగిన సీసాను ఒక్క గుద్దుతో పట్టాల మీద పడేశాడు. విక్టర్‌ను కాలర్ పట్టి లాగాడు. ఇద్దరూ ప్లాట్‌ఫామ్ చివర దొర్లారు. విక్టర్‌కు బేడీలు పడ్డాయి. డబ్బా భద్రంగా కల్యాణ్ చేతుల్లోనే ఉంది.

తెల్లకోటు జనంలో ఎక్కడో కలిసిపోయింది.

రుఖియా పరుగున వచ్చి, పక్కకు ఒరిగిపోయిన అతని మోకాలిని చూసి నిలబడిపోయింది.

"అయ్యో! మస్తు తక్లీఫ్ అయితుందా?"

"ఏమీ లేదు రుఖియా," అన్నాడు కల్యాణ్, పాలిపోయిన మొహంతో. "మందు బ్రహ్మాండంగా పనిచేస్తోంది."