కృష్ణా ఒడ్డున రాజమండ్రి

"ఈ మిషన్‌లో నీకు తెలిసిందేదీ నీకు తెలియకూడదు," అన్నాడు చీఫ్ దామోదర్.

జెడ్డా సముద్రతీరపు రోడ్డు, కార్నిష్ పక్కన ఆపిన కారులో, వెనక సీట్లో కూర్చున్న ఏజెంట్ హేమసుందర్‌కి ఆ మాట రుచించలేదు. కాలేజీ రోజుల్లో అతను తూర్పు గోదావరి జిల్లా క్విజ్ చాంపియన్. తుపాకీ గురి కాస్త అటూ ఇటూ అయినా భరిస్తాడు గానీ, తన జనరల్ నాలెడ్జి మీద ఈగ వాలితే ఊరుకోడు.

"రాబిగ్ రిఫైనరీలో ప్రమాదం వస్తే ప్లాంటంతా ఆపేసే ఎమర్జెన్సీ షట్‌డౌన్ సిస్టమ్ పెడుతున్నారు," దామోదర్ చెప్పుకుపోయాడు. "అదే సిస్టమ్ మన తూర్పు తీరంలో కట్టే ప్లాంటుకీ వస్తోంది. లోపలి మనిషి ఒకడు దాని కోడ్స్ విదేశీ ముఠాకి అమ్ముతున్నాడు. అవి వాళ్ల చేతికి చిక్కితే, మంటలు లేచిన రోజు మనవాళ్లు బటన్ నొక్కినా ప్లాంటు ఆగదు."

"అమ్మేవాడెవడు సార్?"

"మనకి తెలీదు. కొనేవాడికీ తెలీదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎరగరు. అందుకే అక్కడ విదేశీ ఉద్యోగులుండే కాంపౌండ్ల క్విజ్ లీగ్‌ని వాడుకుంటున్నారు. ఫైనల్లో ఒక తేలిక ప్రశ్న వస్తుంది. ముందే అనుకున్న తప్పు జవాబు ఎవడు చెబితే వాడే కొనేవాడు. అమ్మేవాడు విని సరుకు చేర్చేస్తాడు. ఆ తప్పు జవాబు వాళ్లకన్నా ముందు నువ్వు చెప్పాలి."

"తప్పు జవాబు. నేను."

"నువ్వే. ప్రశ్న ఏమిటో మన డబుల్ ఏజెంట్ డాక్టర్ ఖాలిదా చెబుతుంది. అప్పటిదాకా నీ పేరు అమ్మిరాజు. ఫైర్ అండ్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్‌వి. మొద్దువి." దామోదర్ ఒక చేతిగడియారం ఇచ్చాడు. "దీని గుండీ నొక్కి పట్టుకున్నంతసేపూ మిగతా టీముల బజర్లు మోగవు. దీనికి బ్యాటరీ ఉంది. నీ నోటికి మాత్రం స్విచ్ లేదు. అదే నా భయం."

రాబిగ్ దాకా కారు నడిపింది ఖాదర్ మొహిద్దీన్. కడప మనిషి. ఊరందరికీ కంపెనీ డ్రైవర్, మన గూఢచారి విభాగానికి నమ్మకమైన కొరియర్.

"మా ఇంటామె సుగ్రా బేగం ఉమ్రాకి వస్తాండాది సార్, వచ్చే శనివారం," అన్నాడు ఖాదర్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పెండ్లయినప్పట్నుంచి అడుగుతాండాది. ఇన్నేండ్లకి కుదిరింది. నేనే దగ్గరుండి మక్కా సూపియ్యాల."

"మంచిది ఖాదర్," అన్నాడు హేమసుందర్. ఆ మాట ఆ రోజు అతనికి అంత ముఖ్యంగా తోచలేదు.

కాంపౌండ్ క్లబ్బు పేరు 'ది యాంకర్'. ఇంగ్లీషువాళ్లు దాన్ని ముద్దుగా పబ్ అనేవారు. కౌంటర్, ఎత్తు స్టూళ్లు, గోడ మీద ఓడ లంగరు, అన్నీ ఉన్నాయి. మందు నిషేధం కాబట్టి గ్లాసుల్లో మాత్రం యాపిల్ రసంలో సోడా కలిపి దానికి సౌదీ షాంపేన్ అని పేరు పెట్టుకున్నారు. అబద్ధాల పని మీద వచ్చినవాడికి ఇంతకన్నా తగిన చోటు దొరకదు.

సెమీఫైనల్ సాయంత్రం మైకు పట్టుకుని వచ్చింది ఖాలిదా. నల్ల పట్టు చీర, మెడలో హైదరాబాదు ముత్యాలు. ఆమె నవ్వితే స్కోరు రాసేవాడు అంకెలు మర్చిపోయాడు. పగలు కాంపౌండ్ క్లినిక్‌లో డాక్టర్, సాయంత్రం క్విజ్ మాస్టర్. ముఠా ఆమెని తమ మనిషి అనుకుంటోంది. ఢిల్లీ కూడా అదే అనుకుంటోంది. ఢిల్లీ అనుకుంటున్నదే నిజం.

హేమసుందర్ టీముకి కెప్టెన్ అమర్నాథ్. కంట్రోల్ సిస్టమ్స్ ఇంజనీరు, మాట నెమ్మది. విజిట్ వీసా మీద వచ్చిన అతని తల్లి సావిత్రమ్మ ముందు వరసలో కూర్చుంది. రాజమండ్రిలో సోషల్ టీచరుగా రిటైరయింది. పోటీలో ఉన్న నాలుగు టీముల్లో రెండు ఫైనల్‌కి వెళతాయి. ఎదుటి టీములో హాన్స్ క్రెన్, వాల్వుల కంపెనీ సేల్స్‌మన్. కొనేవాడు అతనేనని ఖాలిదా ముందే చెప్పింది.

హేమసుందర్ బుద్ధిగానే మొదలుపెట్టాడు. మంగోలియా రాజధాని అడిగితే తల గోక్కున్నాడు. పెన్సిలిన్ కనిపెట్టిందెవరంటే సోడా తాగాడు. ఇంతలో ఖాలిదా అడిగింది: "గోదావరి నది ఎక్కడ పుడుతుంది?"

క్రెన్ బజర్ కొట్టాడు. "హిమాలయాల్లో."

హేమసుందర్ చెవుల్లోంచి పొగలు వచ్చాయి. చీఫ్, మిషన్, అమ్మిరాజు అన్నీ గాలికి ఎగిరిపోయాయి. ప్రశ్న తమ టీముకి వచ్చేలోపే లేచి నిలబడ్డాడు.

"నాసిక్ దగ్గర త్రయంబకంలో! ప్రాణహిత, ఇంద్రావతి, శబరి దాని ఉపనదులు! మాది రాజమండ్రి!"

చివరి మాట ఎవరూ అడగలేదు. హాలంతా చప్పట్లు. సావిత్రమ్మ కళ్లజోడు సర్దుకుని మరీ చూసింది. "మా ఊరి బిడ్డవా బాబూ! నా క్లాసులో ఉంటే నిన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టేదాన్ని." మర్నాడు స్టీలు క్యారియర్ నిండా పులిహోర పంపింది. హేమసుందర్ లొట్టలేసుకుంటూ తిన్నాడు. చప్పట్లు ఆపకుండా కొట్టినవాళ్లలో క్రెన్ కూడా ఉన్నాడని అతను గమనించలేదు.

ఆ గురువారం, ఫైనల్ రోజు, బీపీ చూసే నెపంతో ఖాలిదా అతన్ని క్లినిక్‌కి పిలిచింది. మొహంలో నవ్వు లేదు.

"మీరేం జేసిండ్రో తెల్సా? మొద్దు ఇన్‌స్పెక్టర్‌కి ఇన్ని ఎట్ల తెల్సని క్రెన్‌కి డౌటొచ్చింది. మిమ్మల్ని ఇక్కడ దించిన కారు ఎవర్దని ఆరా తీసిండు. ఖాదర్‌కి వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ చెవిలో ఏదో ఊది హురూబ్ పెట్టించిండు."

హురూబ్ అంటే పనివాడు పారిపోయాడని యజమాని ఇచ్చే ఫిర్యాదు. అది పడితే ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, చెల్లదు. కనబడ్డచోట పట్టుకుని దేశం నుంచి పంపించేస్తారు.

"ఖాదర్ ఎక్కడ?"

"తర్హీల్‌లో. డిపోర్టేషన్ సెంటర్ల ఏసిండ్రు. ఆయన కోసం ఎవరొస్తరో అని క్రెన్ మనుషులు కాపలా కాస్తుండ్రు. మీరు అటు దిక్కు పోయిండ్రో, అందరం పోతం."

హేమసుందర్ చేతికున్న బీపీ పట్టీ ఊడదీశాడు. శనివారం జెడ్డాలో దిగే సుగ్రా బేగం గుర్తొచ్చింది. అంత నమ్మకంగా చెప్పుకున్న మనిషిని నాలుగు చప్పట్ల కోసం జైల్లో వేయించాడు. పోయి క్షమించమని అడిగే దారి కూడా లేదు.

"ఒక్కటే దారుంది," అంది ఖాలిదా. "సరుకు, అమ్మేటోడు దొరికితే ఇక్కడి సెక్యూరిటీ వాళ్లకు మనం అప్పజెప్తం. బదులుగ ఖాదర్‌ని ఇడిపిస్తరు. చీఫ్ మాట్లాడిండు. దొరక్కపోతే ఖాదర్‌ని పంపించేస్తరు."

"ప్రశ్న చెప్పండి."

"మీ కోసమే నిన్న మార్చిండ్రు. 'రాజమండ్రి ఏ నది ఒడ్డున ఉంది?' చెప్పాల్సిన తప్పు జవాబు, కృష్ణా."

"ఇంకేదైనా..."

"ఇంకేదీ లేదు. గోదావరోడు ప్రాణం పోయినా ఆ మాట అనడని క్రెన్ ధీమా."

ఫైనల్ సాయంత్రం 'ది యాంకర్'లో కుర్చీలు చాలక తెలుగువాళ్లు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. రాజమండ్రి మేధావిని చూడటానికి వచ్చారట. సావిత్రమ్మ పక్కనున్నవాళ్లకి అతన్ని చూపిస్తోంది. అమర్నాథ్ ఎందుకో కంగారుగా ఉన్నాడు. ఫైనల్ కదా అనుకున్నాడు హేమసుందర్.

ఖాలిదా కార్డు తీసింది. "రాజమండ్రి ఏ నది ఒడ్డున ఉంది?"

తెలుగువాళ్లు పగలబడి నవ్వారు. ఇదీ ఒక ప్రశ్నేనా!

క్రెన్ బజర్ నొక్కాడు. మోగలేదు. మళ్లీ నొక్కాడు. హేమసుందర్ వేలు గడియారం గుండీ మీద బిగుసుకుని ఉంది. రెండో చేత్తో తన బజర్ కొట్టాడు. అది ఖంగున మోగింది.

"అమ్మిరాజు గారు."

గడియారం పని చేసింది. నోరే పని చేయలేదు. నాలుక మీద 'గో' అనే అక్షరం కూర్చుని కదలనంటోంది. ఎదురుగా సావిత్రమ్మ, జవాబు ముందే విన్నట్టు తలాడిస్తోంది. ఖాలిదా చూపు గోడగడియారం మీదకి వెళ్లింది.

"టైమ్ అయిపోతోంది. ఆఖరి సెకన్లు."

తర్హీల్ గోడకి ఆనుకుని కూర్చున్న ఖాదర్‌ని తలచుకున్నాడు.

"కృష్ణా," అన్నాడు హేమసుందర్.

వెనకనుంచి ఎవరో "ఛీ!" అన్నారు. ఇంకెవరో "వీడికి పులిహోర కూడానా!" అన్నారు. సావిత్రమ్మ తల ఆడించడం ఆపేసింది. కోపం కాదు, ఆ మొహంలో ఉన్నది జాలి. దానికన్నా చెంపదెబ్బ నయమనిపించింది హేమసుందర్‌కి.

ప్రశ్న క్రెన్ టీముకి వెళ్లింది. క్రెన్ మొహం ఎర్రబడింది. "కృష్ణా!" అన్నాడు.

"సారీ సర్. ఆ తప్పు ఆల్రెడీ అయిపోయింది," అంది ఖాలిదా తియ్యగా.

ఆట ముగిశాక హేమసుందర్ పార్కింగ్ దగ్గర నిలబడ్డాడు. అమ్మేవాడు రావాలి. చేయి జేబులో పిస్టల్ మీద ఉంది. వచ్చింది సావిత్రమ్మ. చేతిలో స్టీలు క్యారియర్.

"మావాడు నీకిచ్చి రమ్మన్నాడు బాబూ. అడుగు గిన్నె జాగ్రత్తగా తియ్యమన్నాడు." ఆవిడ గొంతు తగ్గించింది. "గాభరాలో అలా అనేసుంటావులే. రాజమండ్రి గోదావరి ఒడ్డున ఉందమ్మా. మర్చిపోకు."

అడుగు గిన్నె. హాల్లో అందరూ అతన్ని మొద్దనుకుంటే, అమర్నాథ్ ఒక్కడే సరిగ్గా లెక్క వేసుకున్నాడు. అన్నీ తెలిసినవాడు తప్పు చెప్పాడంటే కావాలనే చెప్పాడని. సరుకు మోయడానికి ఏమీ తెలియని తల్లిని పంపాడు.

"మేడమ్, అది నాది!" చీకట్లోంచి క్రెన్ దూకాడు. క్యారియర్ గుంజాడు. గిన్నెలు ఊడిపోయాయి. పులిహోర ఇసకలో పడింది. అందులోంచి రేకు కాగితంలో చుట్టిన పెన్ డ్రైవ్ జారింది. క్రెన్ చేయి దాన్ని అందుకునేలోపు హేమసుందర్ బూటు మడమ ఆ చేతి మీద పడింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ల జీఎంసీ బళ్లు రెండు అడ్డంగా వచ్చి ఆగాయి. క్లబ్బు మెట్ల మీద అమర్నాథ్ చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

"ఏవైంది? మావాణ్ణి ఎందుకు పట్టుకుంటున్నారు?" సావిత్రమ్మ హేమసుందర్ చొక్కా పట్టుకుంది. "నీకు తెలిసే ఉంటుంది బాబూ, చెప్పు."

అతనికి తెలుసు. వంగి ఇసకలో పడ్డ క్యారియర్ గిన్నెలు ఏరసాగాడు.

శనివారం జెడ్డా ఎయిర్‌పోర్టుకి హేమసుందర్ స్వయంగా కారు నడిపాడు. పక్క సీట్లో ఖాదర్, ఉదయమే విడుదలై, ఇస్త్రీ లేని చొక్కాలో. వెనక సీట్లో స్టీలు క్యారియర్. సావిత్రమ్మని విభాగం వాళ్లు విమానం ఎక్కించి పంపేశారు. ఆ క్యారియర్ తిరిగి ఇవ్వడానికి అతనికి మొహం చెల్లలేదు.

"ఖాదర్, నన్ను క్షమించు. అంతా నా వల్లే."

ఖాదర్ కిటికీ అద్దం దించాడు. "అవును సార్, మీ వల్లనే. ఆ పొద్దు నోరు మూసుకోనుంటే సరిపోయేది." తర్వాత గడ్డం తడుముకున్నాడు. "ఆమెకి మాత్రం ఏం చెప్పాకండి సార్. భయపడతాది."

బయటికొచ్చే గుంపులో తెల్ల దుప్పట్టా కప్పుకున్న సుగ్రా బేగం కనిపించింది. భర్తని చూసి కళ్లు తుడుచుకుంది. తర్వాత పక్కనున్న మనిషి వైపు చూసింది.

"ఈ సార్‌ది రాజమండ్రి," అన్నాడు ఖాదర్.

"రాజమండ్రా! ఆ ఊరు గోదారి ఒడ్డున కదా ఉండేది, సార్?"

హేమసుందర్ నోరు తెరిచాడు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి గొంతుదాకా వచ్చాయి. ఆవిడ చేతిలోంచి సంచీ అందుకున్నాడు.

"ఏమోనమ్మా," అన్నాడు. "నాకు తెలీదు."